జీర్ణోద్ధరణకు మూడు మార్గాలు: ఒక వాహన వంశచరిత్ర

శిథిలమైన ఆలయాన్ని, గండిపడిన చెరువును బాగుచేయించడాన్ని పూర్వులు జీర్ణోద్ధరణ అన్నారు. కొత్తదాన్ని కట్టించిన పుణ్యం కంటె పాతదాన్ని నిలబెట్టిన పుణ్యం అధికమన్న భావన ఈ దేశంలో చిరకాలంగా ఉంది. అయితే ఆ భావన రాతికి, లోహవిగ్రహానికి, తాళపత్రానికి వర్తించినంతగా యంత్రానికి వర్తించలేదు. యంత్రం పనిచేసినంతకాలం ఆస్తి, ఆగిపోయిన మర్నాడు తుక్కు. చెట్టు కింద చక్రాలు కూరుకుపోయి, ముళ్లపొదలు అల్లుకున్న పాత మోటారు బండిలో చరిత్రను చూసే అలవాటు సమాజానికి ఇంకా పూర్తిగా అబ్బలేదు.

ఇరవయ్యవ శతాబ్దపు చరిత్రను తన వీపున మోసిన యంత్రాలలో నాలుగు చక్రాలకూ శక్తి అందే వాహనం ముఖ్యమైనది. సైనికుడు, సర్వేయరు, వైద్యుడు, తోట యజమాని, ఎన్నికల అధికారి, ఇలా రోడ్డు ఆగిన చోటు దాటి ముందుకు పోవలసిన ప్రతి ఒక్కరికీ అది అక్కరకు వచ్చింది. అటువంటి వాహనాలు జీర్ణించి, మరల నిలబడిన ఉదంతాలు మూడింటిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒకటి ఇంగ్లండులోని ఒక పెరటిలో, రెండవది అట్లాంటిక్ మహాసముద్రంలోని ఒక దీవిలో, మూడవది డార్జిలింగు కొండలలో జరిగినవి. మూడూ లాండ్ రోవర్ వంశానికి చెందినవే. కాని మూడుచోట్లా ఉద్ధరణ అన్న మాటకు అర్థం వేరు. ఆ భేదాన్ని గ్రహించడం నేడు అవసరం. ఏ బండి వారసత్వమో, ఏ బండి తుక్కో నిర్ణయించే నిబంధనలు భారతదేశంలో ఇటీవలనే రూపొందాయి.

యుద్ధం విడిచిన విత్తనం

ఈ వంశానికి మూలపురుషుడు జీపు. 1940 జూలైలో అమెరికా సైన్యం తేలికపాటి, నాలుగు చక్రాల చోదక శక్తిగల గస్తీ వాహనం కావాలని 135 సంస్థలను కోరింది. బాంటమ్ అనే చిన్న సంస్థ ఆ ఏడాది సెప్టెంబరు 23న తొలి నమూనాను అప్పగించింది. తరువాత విల్లీస్, ఫోర్డ్ సంస్థలు రంగంలోకి దిగాయి. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి సుమారు 6,40,000 జీపులు తయారయ్యాయి. ఇంఫాల్, కోహిమా రణరంగాలలోనూ, అస్సాంలోని లేదో నుంచి బర్మా మీదుగా చైనాకు వేసిన దారిలోనూ అవి తిరిగాయి. యుద్ధానంతరం మిగిలిన బళ్లు వేలంపాటల ద్వారా పౌరుల చేతికి వచ్చాయి.

అటువంటి మిగులు జీపు ఒకటి వేల్స్ తీరంలోని ఆంగ్లసీ ద్వీపంలో రోవర్ కంపెనీ ప్రధాన ఇంజనీరు మారిస్ విల్క్స్ వ్యవసాయ క్షేత్రానికి చేరింది. బరువులు లాగడానికి, పొలం దున్నడానికి అది ఎంతో ఉపకరించింది. అది అరిగిపోతే దాని స్థానంలో కొనదగిన బ్రిటిష్ వాహనం లేదు. ఆ లోటునుంచే 1947లో లాండ్ రోవర్ ఊహ పుట్టింది. తొలి ప్రయోగనమూనా జీపు చట్రం మీదనే నిర్మితమైంది. జీపులాగానే ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో అది లోకానికి పరిచయమైంది. కార్ల అమ్మకాలు కోలుకునే దాకా కొంతకాలం కంపెనీని నడపడానికి తలపెట్టిన తాత్కాలిక వాహనమది. దాని వారసులు 2016 జనవరి వరకు, 20 లక్షలకు పైగా తయారయ్యాయి.

యుద్ధానంతర బ్రిటన్‌లో ఉక్కుకు రేషను ఉండేది. విమానాల తయారీకి వాడిన అల్యూమినియం మిశ్రలోహం మాత్రం కొంత సులభంగా దొరికేది. అందువల్ల లాండ్ రోవర్ పైతొడుగులో అధికభాగం బర్మాబ్రైట్ అనే ఆ మిశ్రలోహంతో చేశారు. తొలి బళ్లకు పూసిన లేత ఆకుపచ్చ రంగు కూడా యుద్ధవిమానాల లోపలి భాగాలకు వాడగా మిగిలినదే. బరువు మోసే చట్రాన్ని మాత్రం ఉక్కు పలకలను పెట్టెలాగ కలిపి వెల్డింగు చేసి తయారుచేశారు. పలకలను అచ్చుపోసే భారీ ప్రెస్సులకు కంపెనీ వద్ద డబ్బు లేదు.

ఈ లేమి ఆ వాహనం వృద్ధాప్యాన్ని కూడా నిర్ణయించింది. అల్యూమినియానికి తుప్పు పట్టదు. కాబట్టి ముప్ఫై ఏళ్లు వానలో నిలిచిన బండి కూడా దూరానికి గట్టిగానే కనిపిస్తుంది. లోపలి కథ వేరు. పెట్టెలాంటి చట్రంలోకి చేరిన తడి బయటకు పోక, ఉక్కును లోపలినుంచి తినివేస్తుంది. ఇంజనుకూ డ్రైవరుకూ మధ్య ఉండే ఉక్కు అడ్డుగోడ అడుగుభాగం జల్లెడ అవుతుంది. రెండు లోహాలు తగిలే కీళ్ల దగ్గర తేమ చేరితే అల్యూమినియం కూడా తెల్లని పొడిగా రాలుతుంది. చర్మం నిలిచి ఎముకలు కరిగిపోయే విచిత్రమైన వార్ధక్యమిది.

ఇటువంటి బండిని లేపడంలో తొందర పనికిరాదు. ఏళ్ల తరబడి కదలని ఇంజనులో పిస్టన్ వలయాలు సిలిండరు గోడలకు అతుక్కుపోతాయి. బలవంతంగా తిప్పితే విరుగుతాయి. ప్లగ్గులు ఊడదీసి, నూనె పోసి, రోజుల తరబడి నాననిచ్చి, హ్యాండిలుతో చేతిమీద కొద్దికొద్దిగా కదిలించాలి. పెట్రోలు తొట్టి కడగాలి. ఎండి బీటలువారిన రబ్బరు గొట్టాలు, బ్రేకు వాషర్లు, ఎలుకలు కొరికిన తీగలు మార్చాలి. చట్రాన్ని చిన్న సుత్తితో తట్టుతూ పోవాలి. ఖంగున మోగినచోట ఉక్కు ఉన్నట్టు, బొత్తుగా పలికినచోట తుప్పు ఉన్నట్టు. ఇంతవరకు ప్రపంచమంతటా పని ఒకటే. ఇక్కడినుంచి ప్రశ్న మొదలవుతుంది. ఎంత మార్చవచ్చు? ఎంత ఉంచాలి? దేనికోసం?

మొదటి మార్గం: వస్తువును నిలపడం

ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శన కోసం సిద్ధం చేసిన తొలి లాండ్ రోవర్లలో ఒకదాని ఆచూకీ చాలాకాలం తెలియలేదు. అది 1960ల వరకు రోడ్డు మీద తిరిగింది. ఆ తరువాత సుమారు ఇరవై ఏళ్లు వేల్స్‌లోని ఒక పొలంలో కదలకుండా పడి ఉంది. బాగుచేయాలన్న ఆశతో ఒకరు దాన్ని కొన్నారు. ఆ పని పూర్తికాక, చివరకు అది పుట్టిన సోలిహల్ కర్మాగారానికి కొద్ది మైళ్ల దూరంలో ఒక తోటలో మిగిలింది. దానిని గుర్తించి, పునరుద్ధరిస్తున్నట్టు కంపెనీ 2018 జనవరిలో ప్రకటించింది.

ఆ పనికి పెట్టుకున్న నియమం గమనింపదగినది. బండిని కొత్తదానిలా మెరిపించకూడదు. 1948లో పూసిన లేత ఆకుపచ్చ రంగు వెలిసిపోయినా, గీతలు పడినా, ఆ వెలిసిన తనాన్నే కాపాడాలి. ప్రాచీన కుడ్యచిత్రాల విషయంలో సంరక్షకులు పాటించే నీతి ఇదే. రాలిపోయిన చోట కొత్త రంగు పూసి పూర్వశోభ తెస్తామనడం చరిత్రను దిద్దడమే అవుతుందని వారి వాదం. స్మారకాల సంరక్షణకు 1964 వెనిస్ పత్రం నిర్దేశించిన మార్గాన్ని చారిత్రక వాహనాలకు అన్వయిస్తూ, పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో టూరిన్ పత్రాన్ని రూపొందించింది. అవసరమైనంత మేరకే జోక్యం చేసుకోవాలన్నది దాని సారాంశం.

ఈ ఉదంతంలో భారతీయ పాఠకునికి ఆసక్తి కలిగించే విశేషం మరొకటి ఉంది. 2008లో టాటా మోటార్స్ సంస్థ ఫోర్డ్ నుంచి జాగ్వార్, లాండ్ రోవర్ సంస్థలను కొన్నది. కాబట్టి బ్రిటన్ తన పారిశ్రామిక వారసత్వంగా భావించే ఆ బండి పునరుద్ధరణను చేపట్టిన కంపెనీకి యజమాని భారతీయ సంస్థ. ఒకనాడు తేయాకు తోటల దొరలతో ఈ దేశానికి వచ్చిన వాహనం వంశవృక్షాన్ని కాపాడే బాధ్యత ఈ విధంగా చేతులు మారింది.

రెండవ మార్గం: ప్రయాణాన్ని పూర్తిచేయడం

1955 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఆరుగురు రెండు లాండ్ రోవర్లలో లండన్ నుంచి సింగపూరుకు బయలుదేరారు. ముదురు నీలం రంగు బండికి ‘ఆక్స్‌ఫర్డ్’ అని, లేత నీలం బండికి ‘కేంబ్రిడ్జి’ అని పేర్లు. ఐరోపా, పశ్చిమాసియాలను దాటి వారు భారతదేశం చేరారు. ఇక్కడినుంచి ఆగ్నేయాసియాకు భూమార్గం కావాలంటే ఉన్నది ఒక్కటే. యుద్ధకాలంలో వేసి, ఆపైన అడవికి వదిలేసిన లేదో దారి. వానలకు కొట్టుకుపోయిన వంతెనల పక్కనుంచి వాగులలోకి బళ్లను దింపి వారు బర్మాలోకి ప్రవేశించారు. 1956 మార్చిలో సింగపూరు చేరారు. వారిలో ఒకరైన టిమ్ స్లెసర్ రాసిన ‘ఫస్ట్ ఓవర్‌లాండ్’ గ్రంథం 1957లో వెలువడి, ఆ యాత్రను చిరస్మరణీయం చేసింది.

బళ్ల తదనంతర చరిత్ర మాత్రం విషాదమే. ‘కేంబ్రిడ్జి’ మరొక యాత్రలో లోయలో పడి నశించింది. ‘ఆక్స్‌ఫర్డ్’ పక్షిశాస్త్రజ్ఞుల బృందంతో అట్లాంటిక్‌లోని అసెన్షన్ దీవికి, అక్కడినుంచి నెపోలియన్ నిర్బంధంలో మరణించిన సెయింట్ హెలీనా దీవికి చేరింది. అక్కడ పనిచేసి, అరిగి, పాడుపడింది. దాని నంబరు ఎస్.ఎన్.ఎక్స్. 891 అన్న గుర్తే లేకపోతే అది ఎవరికీ పట్టని తుక్కే. ఆ నంబరును బట్టి దాన్ని గుర్తుపట్టారు. 2017లో ఓడ ఎక్కించి ఇంగ్లండుకు తెచ్చి, మరల నడిచే స్థితికి తెచ్చారు.

అది నడవడమే లక్ష్యం కాదు. 2019 ఆగస్టు 25న ఆ బండి సింగపూరు నుంచి లండన్‌కు తిరుగుప్రయాణం మొదలుపెట్టింది. వృద్ధుడైన స్లెసర్ తానే అందులో రావలసి ఉండగా, ఆరంభవేళకు అస్వస్థులు కావడంతో ఆయన స్థానంలో మనుమడు కూర్చున్నాడు. ఆ ఏడాది డిసెంబరులో బండి లండన్ చేరింది. వెళ్లినప్పుడు తాత, వచ్చినప్పుడు మనుమడు. నడుమ అరవై మూడేళ్ల విరామం. బండి ఒక్కటే రెండు వైపులా ఉన్నది. ప్రదర్శనశాలలో ఉంచితే ఆ బండి ఒక వస్తువుగా మిగిలేది. దారిలో పెట్టడం వల్ల అది ఒక కథకు ముగింపు అయింది. ఆ దారి కోసం కొన్ని భాగాలు మార్చక తప్పదు. వస్తుశుద్ధి కొంత తగ్గినా అర్థసిద్ధి పెరిగింది.

మూడవ మార్గం: పనిని ఆపకపోవడం

డార్జిలింగు పట్టణానికి సుమారు 26 కిలోమీటర్ల దూరంలో, భారత నేపాల్ సరిహద్దు మీద మానేభంజ్యాంగ్ అనే చిన్న ఊరు ఉంది. నేపాలీ భాషలో భంజ్యాంగ్ అంటే కనుమ. అక్కడినుంచి సింగలీలా పర్వతశ్రేణి వెంబడి 31 కిలోమీటర్లు పైకి పోతే సందక్‌ఫు శిఖరం వస్తుంది. దాని ఎత్తు 3,636 మీటర్లు. పశ్చిమ బెంగాల్ రాష్ట్రంలో అదే అత్యున్నత స్థానం. వాతావరణం అనుకూలిస్తే అక్కడినుంచి కాంచనగంగతో పాటు ఎవరెస్టు, ల్హోత్సే, మకాలు శిఖరాలు కూడా కనిపిస్తాయి.

ఆ దారి సాఫీగా ఎక్కేది కాదు. మేఘ్మా మీదుగా టోంగ్లూకు ఎగబాకి, గైరీబాస్ వద్ద లోతుకు దిగి, కాలీపోఖరీ దాటిన తరువాత నిట్టనిలువుగా లేస్తుంది. చివరి ఎక్కుడుకు ముందుండే బిఖే భంజ్యాంగ్‌కు అక్కడ పెరిగే వత్సనాభి మొక్కల వల్ల విషపు కనుమ అన్న అర్థంలో ఆ పేరు వచ్చింది. కొన్నిచోట్ల దారి నేపాల్‌లోకి పోయి మరల భారతదేశంలోకి వస్తుంది. దశాబ్దాలపాటు ఆ దారి అంటే బండరాళ్లు పరచిన ఒక వరుస మాత్రమే. దాని మీద నడిచినవి లాండ్ రోవర్లు.

అవి అక్కడికి ఎలా వచ్చాయి? స్థానికంగా చెప్పుకునే చరిత్ర ప్రకారం, డార్జిలింగు తేయాకు తోటల బ్రిటిష్ యజమానులు వాటిని తెప్పించుకున్నారు. స్వాతంత్ర్యానంతరం వారు క్రమంగా తోటలు వదిలి స్వదేశం పోతూ బళ్లను ఇక్కడే అమ్ముకున్నారు. కొన్నవారు వాటిని కొండదారిలో మనుషులకూ సరుకులకూ పెట్టారు. తరువాతి కథను నడిపినది దేశ ఆర్థిక పరిస్థితి. 1957 నాటి విదేశీమారక ద్రవ్య సంక్షోభంతో దిగుమతుల మీద ఆంక్షలు బిగిశాయి. విల్లీస్ జీపును బొంబాయిలో మహీంద్రా సంస్థ తయారుచేస్తున్నందున జీపుకు విడిభాగాలు దేశంలోనే దొరికేవి. లాండ్ రోవరుకు ఆ అదృష్టం లేదు. కొత్త బండి రాదు, పాత బండికి పరికరం రాదు. నడపాలంటే చేతితో చేసుకోవలసిందే.

చేసుకున్నారు. ఇరుసు విరిగితే లేతు మిషను మీద మరొకటి తిప్పించారు. కమాను కట్టలో పట్టీ విరిగితే లారీ పట్టీని కోసి, వంపు సరిచేసి ఎక్కించారు. తొడుగు నలిగితే సుత్తితో కొట్టి చదును చేశారు. పెట్రోలు ఖర్చు భరించలేనప్పుడు కొన్నింటిలో అసలు ఇంజనును తీసి దేశవాళీ డీజిల్ ఇంజనును కూర్చారు. వేరే కొలతల ఇంజనును లాండ్ రోవర్ గేరుపెట్టెకు జతపరచడం సామాన్యమైన పని కాదు. రెండింటి మధ్య పలకను కోయాలి, ఇరుసుల వరుస తప్పకుండా చూడాలి, బరువు మారినందుకు కమాన్లు సవరించాలి. ఈ విద్యను ఏ కళాశాలా నేర్పలేదు. డ్రైవరే మేస్త్రీ. తండ్రి పక్కన రెంచీ అందించిన కొడుకు తరువాతి మేస్త్రీ.

లాండ్ రోవర్ 70 ఏళ్ల సందర్భంగా 2018లో ఆ కంపెనీ మానేభంజ్యాంగ్ మీద ఒక లఘుచిత్రం తీసింది. అప్పటికి అక్కడ నడుస్తున్న పాత లాండ్ రోవర్ల సంఖ్య 42గా ప్రకటించింది. అవి అభిరుచి కోసం దాచుకున్న బళ్లు కావు. ప్రతి ఉదయం ప్రయాణికులను ఎక్కించుకుని ఇంటికి బియ్యం సంపాదించిన బళ్లు. ఇటీవలి సంవత్సరాలలో ఆ దారిలో కాంక్రీటు పడటంతో కొత్త తరహా వాహనాలు కూడా పైకి రాసాగాయి. అంతకాలం లాండ్ రోవరును కాపాడింది ఆ దారి కష్టమే. దారి బాగుపడటం ప్రజలకు మేలు, పాత బండికి మాత్రం పోటీ.

మానేభంజ్యాంగ్‌లోని బండిని టూరిన్ పత్రం కొలతతో కొలిస్తే అది నిలువదు. ఇంజను అసలుది కాదు, రంగు అసలుది కాదు, అడుగున ఎన్నో అతుకులు. అయినా అది అసత్యమా? పూరీ జగన్నాథుని రథాలను తలచుకుంటే సమాధానం దొరుకుతుంది. ఆ రథాలను ఏటేటా కొత్త కలపతో నిర్మిస్తారు. కలప మారినా రథం అదే, నందిఘోష అన్న పేరు అదే. నిలిచి ఉన్నది కొయ్య కాదు, కొయ్యను రథం చేసే వంశపారంపర్య శిల్పుల పనితనం, ఆ పనిని కోరే ఉత్సవం. మానేభంజ్యాంగ్‌లో లోహం మారింది, పనితనం నిలిచింది. ఉత్సవం స్థానంలో అక్కడ బ్రతుకుతెరువు ఉంది.

నిబంధనల కన్నుకు కనిపించేది

2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ వింటేజి వాహనాల నమోదుకు నియమాలు ప్రకటించింది. అది స్వాగతింపదగిన ముందడుగు. 50 ఏళ్లు దాటిన వ్యక్తిగత వాహనాలు ఈ హోదాకు అర్హమైనవి. వాటికి వి.ఎ. అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, ఆ తరువాత తిరిగి నమోదుకు 5,000 రూపాయలు. అయితే చట్రం, పైతొడుగు, ఇంజనులలో గణనీయమైన మార్పు ఉండరాదు. ప్రదర్శనలకు, సాంకేతిక పరిశోధనకు, వింటేజి ర్యాలీలకు, ఇంధనం, మరమ్మతుల కోసం తప్ప నిత్యావసరానికి గాని వ్యాపారానికి గాని రోడ్డు ఎక్కరాదు.

ఆమ్‌స్టర్‌డామ్ బండి వంటిదానికి ఈ నిర్వచనం చక్కగా సరిపోతుంది. ‘ఆక్స్‌ఫర్డ్’ వంటిదాన్ని ర్యాలీ అన్న మాట కొంతవరకు ఆదుకుంటుంది. మానేభంజ్యాంగ్ బండిని మాత్రం అది రెండు విధాల వెలివేస్తుంది. అది కూలికి నడుస్తుంది, దాని ఇంజను మారింది. అంటే యజమాని దాన్ని బ్రతికించడానికి చేసిన పనులే దాని అనర్హతలు. ఇరవై ఏళ్లు పొలంలో పడవేసి ఉంటే వారసత్వం అయ్యేది. రోజూ తుడిచి, తైలం పోసి, పనిచేయించినందువల్ల సామాన్య వాహనమైంది.

రెండవ చిక్కు ప్రభుత్వ వాహనాలది. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ చెల్లదు, అవి గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకు పోవాలి. రక్షణ, శాంతిభద్రతల కోసం వాడే ప్రత్యేక వాహనాలకు మాత్రమే మినహాయింపు. కాలుష్యం, భద్రత దృష్ట్యా ఈ నియమానికి బలమైన కారణాలున్నాయి. ఐతే ఒక ఫలితాన్ని గమనించాలి. 15 ఏళ్లకు తుక్కుకు పోయే బండి 50 ఏళ్ల హోదాకు ఎన్నడూ చేరలేదు. స్వతంత్ర భారత పరిపాలనా చరిత్రలో ప్రభుత్వ జీపుకు ఒక స్థానం ఉంది. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజాభివృద్ధి పథకంతో బ్లాకు కార్యాలయాలు వెలిశాయి. గ్రామానికి టీకాలు, విత్తనాలు, తనిఖీ, ఎన్నికల పెట్టె అన్నీ తరచు జీపులోనే వచ్చాయి. తెలుగు పల్లెలలో ఈ జాతి వాహనం ఏ కంపెనీదైనా జీపే. బొర్రా గుహల దగ్గరనుంచి కటికి జలపాతానికి రాళ్లదారిలో యాత్రికులను చేరవేసేవి కూడా అద్దె జీపులే. వాటి వెనుకా పేరులేని మేస్త్రీల విద్య ఉంది. ఆ యుగానికి గుర్తుగా ఎంతో కొంత భద్రపరచాలంటే తుక్కు ఉత్తర్వుకు ముందే ఎంపిక జరగాలి. జిల్లాకు ఒక వాహనాన్నయినా దాని నడక పుస్తకం, మరమ్మతు బిల్లులతో సహా రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలకు ఇవ్వవచ్చు. నడక పుస్తకం లేని జీపు శాసనం చెరిగిపోయిన స్తంభం వంటిది.

మానేభంజ్యాంగ్ విషయంలో చేయవలసింది వేరు. అక్కడి ప్రతి బండినీ శాశ్వతంగా నడపాలని ఎవరూ కోరరు. ఆ దారి 1992లో ప్రకటించిన సింగలీలా జాతీయ ఉద్యానం గుండా పోతుంది. ఎర్రపాండాలు నివసించే ఆ అడవిలో పాత ఇంజను పొగకు హద్దు ఉండవలసిందే, కొండ అంచున బ్రేకుల పరీక్ష కఠినంగా ఉండవలసిందే. పరీక్షలో నెగ్గిన పరిమిత సంఖ్యలోని బళ్లకు ఆ దారివరకే చెల్లే ప్రత్యేక హోదా ఇవ్వడం అసాధ్యం కాదు. అంతకంటె ముఖ్యమైనది, అంతకంటె చవకైనది మరొకటి ఉంది. అది ఆ మేస్త్రీల విద్యను నమోదు చేయడం.

సాంప్రదాయిక హస్తకౌశలాన్ని అమూర్త వారసత్వంగా గుర్తించే యునెస్కో ఒప్పందం 2003లో ఏర్పడింది. భారతదేశం 2005లో దానిని ఆమోదించింది. 2014లో పంజాబులోని జండియాలా గురు ఠఠేరాల ఇత్తడి, రాగి పాత్రల తయారీ ఆ జాబితాకు ఎక్కింది. రాగిరేకును సుత్తితో కొట్టి బిందెను చేసే చేతికి అందిన గౌరవం, అల్యూమినియం రేకును కొట్టి బండి తొడుగును నిలబెట్టే చేతికి అందకూడదని నియమం ఏమీ లేదు. ఒక విద్యకు అరవై, డెబ్భై ఏళ్ల వయస్సు చాలదనవచ్చు. కాని మూడు తరాలు చేతులు మారిన విద్యను సంప్రదాయం కాదనడం కష్టం.

మూడు మార్గాలలో ఏది సరైనదన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. మొదటి నమూనా వంటి అపురూప వస్తువుకు సంరక్షకుని సంయమనం కావాలి. మహాయాత్ర చేసిన బండికి మరల దారి కావాలి. పనిలో ఉన్న బండికి పని కావాలి. తప్పు జరిగేది మూడింటికీ ఒకే కొలబద్ద వాడినప్పుడే. వస్తువు పాడైతే తిరిగి చేసుకోవచ్చునని ఆమ్‌స్టర్‌డామ్ బండి, ‘ఆక్స్‌ఫర్డ్’ బండి నిరూపించాయి. ఇరవై ఏళ్లు పొలంలో పడి ఉన్నా ఇనుము వేచి చూసింది. మేస్త్రీ చేతి విద్యకు ఆ ఓర్పు లేదు. ఒక తరం రెంచీ అందుకోకపోతే అది పోతుంది, ఏ దీవి నుంచీ దానిని ఓడ మీద తిరిగి తేలేము. మానేభంజ్యాంగ్ షెడ్లలో ఆ విద్య తెలిసినవారు పనిచేస్తున్నంతకాలం, వారి మాటను రాసుకోవడానికి ఒక కలం, కాగితం చాలు.